ఉత్తుత్తి షర్బతు

ఏప్రిల్‌లో నాకు పెళ్ళయింది. మే మొదటి వారంలో మా అత్త గున్వోర్ తడిబండ మీద జారిపడి మోకాలికి ఆపరేషన్ చేయించుకుంది. జూన్ పూర్తయ్యేలోపు నేను కూడికలు నేర్చుకున్నాను. ఈ మూడింట్లో ఏది గొప్ప సంగతి అని నలుగురూ ఉన్నప్పుడు నా భర్త ఆర్విద్ నన్ను కావాలని అడుగుతాడు. పెళ్ళే అంటాను నేను. కూడికలే అంటుంది గున్వోర్.

నా భర్త అన్న మాట వాడే అవకాశం దొరికితే నేను వదలను. కొట్లో పాలు కొంటూ కూడా, "నా భర్తకి వెన్న తీయనివే ఇష్టం" అని చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

హార్‌షెర్ దీవిలో గున్వోర్ ఇంటి అటక గది మాది. కిటికీ తీస్తే రేవు కనబడుతుంది. తెల్ల పడవ రోజుకు నాలుగుసార్లు వస్తుంది. ఆర్విద్ దాని మీదే పని చేస్తాడు, తాళ్ళు విసిరి కట్టే పని. పడవ మా రేవులో పదకొండు నిమిషాలు ఆగి, అవతలి దీవులకి సాగిపోతుంది. ఆ పదకొండు నిమిషాల్లో ప్రయాణికులు కిందికి దిగి, గున్వోర్ బల్ల దగ్గర షర్బతు తాగి, బన్ను తిని, మళ్ళీ ఎక్కుతారు. ముప్ఫై ఒక్క వేసవులుగా అలాగే జరుగుతోంది.

ఆ బల్ల రేవు సంఘం వాళ్ళది. జాగా గున్వోర్‌ది. జూన్ చివర్లో వచ్చే మిడ్‌సమ్మర్ పండగనాడు మొదటి పడవ వచ్చి వెళ్ళేలోపు బల్ల తెరిచి, ఇంటివాళ్ళకి కాకుండా బయటివాళ్ళకి ఒక్క గ్లాసైనా అమ్మాలి. లేకపోతే జాగా, దానికోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో తరవాతి పేరుకి పోతుంది. తరవాతి పేరు ఫోల్కెది. పందొమ్మిదేళ్ళుగా ఆయనదే.

మే నెల మధ్యలో ఆ నియమం గుర్తుచేస్తూ సంఘం నుంచి ఉత్తరం వచ్చిన రోజు గున్వోర్ వంటింట్లో పొడుగు బెంచీ మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి, చక్కెర డబ్బా కింద పెట్టింది.

"ఫోల్కె క్యాన్లు పెడతాడు," అంది. "మిషన్‌లోంచి దడేల్మని పడే క్యాన్లు."

"మైకెన్ ఉంది కదమ్మా," అన్నాడు ఆర్విద్, నా భుజం మీద చెయ్యి వేసి.

గున్వోర్ నన్ను చూసింది. పెళ్ళిలో కూడా అంత పరీక్షగా చూడలేదు.

"ఏం పిల్లా, చిన్న గ్లాసు పదిహేను క్రోనాలు, పెద్దది పాతిక, బన్ను ఇరవై. రెండు పెద్దవి, మూడు చిన్నవి, ఒక బన్ను. ఎంత?"

నేను పాత చర్చి తలుపుల మీది ఇనప పట్టీల గురించి రెండువందల పేజీలు రాసి పట్టా తెచ్చుకున్నదాన్ని. ఒక పట్టీ వంపు చూసి అది ఏ శతాబ్దపు కమ్మరి కొట్టాడో చెప్పగలను. కానీ నా ముందు మనిషి నిలబడి "ఎంత" అంటే చాలు, అంకెలన్నీ తలుపు తీసినప్పటి కోళ్ళలా నాలుగు వైపులకీ పరిగెడతాయి.

"తొంభై," అన్నాను.

"నూట పదిహేను. ఒక్క బేరంలో పాతిక దానం చేశావు. పండగ పడవలో నలభై మంది ఉంటారు. ఆగస్టుకల్లా మా ఇల్లు కూడా పంచిపెట్టేస్తావు."

"ఫోన్‌లో లెక్క చేసుకోవచ్చు కదమ్మా?" అన్నాడు ఆర్విద్.

"చేతి నిండా పాకం. అది కడుక్కుని ఫోన్ తీసేలోపు నువ్వు తాళ్ళు విప్పేస్తావు."

అదీ నిజమే. ఆ బల్ల దగ్గర గల్లాపెట్టె లేదు, మిషన్ లేదు. ఒక చెక్క పలక మీద సుద్దతో ధరలూ, కింద గున్వోర్ ఫోన్ నంబరూ ఉంటాయి. మనం నోటితో మొత్తం చెబుతాం, వాళ్ళు తమ ఫోన్‌లో అంత కొట్టి పంపుతారు. మనం ఎంత చెబితే అంతే. ఎవరూ తిరిగి లెక్కపెట్టరు.

"అయితే నువ్వే నిలబడు," అంది గున్వోర్ కొడుకుతో. "ఓహో, నిన్ను ఒకసారి నిలబెట్టాం కదూ. సగం మందికి ఊరికే పోశావు."

"దాహంగా కనబడ్డారమ్మా."

"షర్బతు బల్ల దగ్గరకి దాహంగా కాక ఇంకెలా వస్తారు?"

నాకు ఆ క్షణంలో ఆ బల్ల కావాలనిపించింది. గున్వోర్ కోసం సగం. మిగతా సగం నిజం చెప్పాలంటే, ఆ బల్ల దగ్గర ఉంటే రోజుకు నాలుగుసార్లు, పదకొండేసి నిమిషాలు నా భర్త నా ఎదురుగా ఉంటాడు. ఈ లెక్క మాత్రం నేను వెంటనే చేయగలిగాను. నలభై నాలుగు నిమిషాలు.

"నాకు నేర్పు," అన్నాను.

మర్నాడు పొద్దున గున్వోర్ నాచేత ఇస్త్రీ బల్ల తెప్పించి వంటింటి మధ్య నిలబెట్టించింది. దాని మీద ఖాళీ గ్లాసులు, ఖాళీ జాడీ. బన్నులకి బదులు ఆర్విద్ ఉన్ని మేజోళ్ళు, జతని గుండ్రంగా చుట్టి. నిజం బన్నులు పెడితే నేను తినేస్తానని ఆవిడ అనుమానం. సరైన అనుమానమే.

ఇక బేరగాళ్ళందరూ ఆవిడే. బెంచీ మీద కాలు చాపి కూర్చునే, ఒక నిమిషం జర్మన్ దంపతులు, ఇంకో నిమిషం సగం గ్లాసుకి సగం ధర అడిగే పాస్టరమ్మ, ఆ తరవాత మేడ మీద మేడ కట్టిన వేసవి ఇంటాయన.

"షర్బతులో వేసిన పూలు ఏ తోటవి? ఎరువులు వేశారా?" అంది వేసవి ఇంటాయన గొంతుతో, ముక్కు పైకెత్తి.

"లేదండీ, కంచె పక్కన—"

"కబుర్లు తరవాత. ముందు ఎంతయిందో చెప్పు. నాలుగు పెద్దవి, ఒక చిన్నది, రెండు బన్నులు."

నేను వేళ్ళు విప్పబోయాను. ఆవిడ చేతికర్రతో ఇస్త్రీ బల్ల కాలు మీద కొట్టింది.

"వేళ్ళు దాచు. కూడకు. కట్టలు కట్టు. ఒక చిన్నదీ ఒక పెద్దదీ కలిస్తే నలభై. అది జోడీ. ముందు జోడీలు తీసెయ్యి, మిగిలింది చూడు."

జోడీ అనగానే నా బుర్రలో ఏదో తెరుచుకుంది. పెళ్ళి కొత్తలో జోడీ అంటే ఎవరికి అర్థం కాదు. చిన్న గ్లాసు నేను, పెద్ద గ్లాసు ఆర్విద్. ఇద్దరం కలిస్తే నలభై. ఇంకా మూడు ఆర్విద్‌లు మిగిలారు, డెబ్భై అయిదు. మేజోళ్ళు రెండు, నలభై.

"నూట యాభై అయిదు."

గున్వోర్ కర్ర దించింది. పాస్టరమ్మ గొంతు పెట్టి, "సగం గ్లాసు ఎంతమ్మా?" అంది.

మధ్యాహ్నాలు ఇంకో రకం పాఠం. జూన్ మొదట్లో షర్బతుకి వాడే ఎల్డర్ పూలు విచ్చుకున్నాయి. కంచె పొడుగునా మీగడ రంగు గుత్తులు. నేను రెండు బుట్టల నిండా కోసుకొచ్చి, నిమ్మకాయలు తరిగి, పాకంలో నానబెట్టాను. వేళ్ళు రెండ్రోజులు పూల వాసన వచ్చాయి. ఆర్విద్ వాటిని పదేపదే వాసన చూస్తుంటే గున్వోర్ చక్కెర డబ్బా కింద ఉన్న ఉత్తరం తీసి, దాని వెనక వైపు పెన్సిలుతో గీతలు గీసింది.

"ఒక చిన్న గ్లాసు నీకెంత పడింది?"

"పూలు కంచెవి. నీళ్ళు కుళాయివి. చక్కెరా, నిమ్మకాయలూ కొన్నాం. ఒక క్రోనా ఉంటుందా?"

"పూలు కోసిందెవరు?"

"నేనే."

"నువ్వు ఊరికే వచ్చావా?"

"ఆర్విద్ కోసం ఊరికే వచ్చాను."

"అది నీ తెలివితక్కువ. నీ గంట కలుపు. గ్యాసు కలుపు. గ్లాసు కలుపు. సాయంత్రానికి మిగిలిపోతే పారబోస్తావే, అదీ కలుపు. నువ్వు పారబోసింది కూడా ఎవరో ఒకరు కొన్న గ్లాసులోంచే రావాలి."

కలిపితే చిన్న గ్లాసు ఎనిమిది క్రోనాలు తేలింది. నేను నోరు తెరిచాను. ఒక క్రోనా అనుకున్నది ఎనిమిదైనందుకు కాదు, ఎనిమిది అని నాకే తేలినందుకు. ఆ తరవాత ఆవిడ ఆకాశం లెక్క నేర్పింది. మబ్బుంటే సగం షర్బతే కలుపు, పడమటి గాలి వీస్తే మూడో వంతే కలుపు, రెండూ ఉంటే ఇంట్లో కూర్చో.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఆర్విద్ కూడా ఇస్త్రీ బల్ల ముందు నిలబడేవాడు. టోపీ తీసి, తాళ్ళ తారు వాసనతో, చాలా గంభీరంగా అడిగేవాడు.

"ఒక పెద్దది. ఒక ముద్దు."

"ధర చెప్పు," అనేది గున్వోర్ వెనక నుంచి. "చెప్పకపోతే ఊరికే వస్తుందనుకుంటాడు. అలవాటైపోతుంది."

"నూట ఇరవై అయిదు," అన్నాను నేను.

"ఖరీదే," అన్నాడు నా భర్త. "రెండియ్యి."

మూడు వారాలయ్యేసరికి వంటింట్లో నేను తప్పడం మానేశాను. గున్వోర్ దానికి సంతోషించలేదు.

"ఇక్కడ గాలి లేదు, కుక్క లేదు, మాట మధ్యలో అడ్డొచ్చేవాడు లేడు," అంది. "బయటికి పద."

అది శనివారం, ఆర్విద్‌కి సెలవు. మా గేటు బయటి సందు రేవు నుంచి స్నానాల బండల వైపు పోతుంది. ఇస్త్రీ బల్ల గేటు పక్కన వేశాం. ఆవిడ తన చెక్క పలక కూడా తెచ్చి దానికి తగిలించమంది, పలక వైపు చూడకుండా ధరలు చెప్పడం అలవాటు కావాలని. మేజోళ్ళు పళ్ళెంలో పేర్చాను. గున్వోర్ చేతికర్రల మీద బల్ల ముందు నిలబడింది. ఆవిడ వెనక ఆర్విద్. వాళ్ళిద్దరూ బేరగాళ్ళు, ఒకరి తరవాత ఒకరు వచ్చి, కొని, మళ్ళీ వెనక్కి వెళ్ళి నిలబడాలి.

గున్వోర్‌ది అయింది. ఆర్విద్‌ది అయింది. తల ఎత్తితే ఆర్విద్ వెనక గాలికోటు వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఇద్దరు పిల్లలతో ఒకామె. ఆమె వెనక సైకిళ్ళు పట్టుకుని ఒక జంట. పది గంటల పడవ దిగి బండల వైపు పోతున్నవాళ్ళు ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉండటం చూశారు. మా దేశంలో వరసలో నిలబడటానికి ఇక వేరే కారణం అక్కర్లేదు.

"రెండు పెద్దవి, రెండు బన్నులు," అన్నాడు గాలికోటాయన.

నేను గున్వోర్ వైపు చూశాను. ఆవిడ వరసలోంచి పక్కకి జరిగి, కనుబొమ్మ పైకెత్తింది. చెప్పు, అని.

"తొంభై," అన్నాను.

ఆయన పలక చూసి, ఫోన్‌లో కొట్టాడు. గున్వోర్ జేబులో ఫోన్ టింగుమంది. ఆయన రెండు ఖాళీ గ్లాసులూ రెండు మేజోళ్ళ ఉండలూ అందుకున్నాడు. ఉండలని ఒక్క క్షణం చూశాడు. "చాలా థాంక్స్," అన్నాడు. వెళ్ళి రాతిగోడ మీద భార్య పక్కన కూర్చున్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. కానీ నా ఎదుట నిజం మనుషులు నిలబడి ఉన్నారు, అంకెలు కోళ్ళలా పరిగెత్తడం లేదు, ఒక పెద్దది రెండు చిన్నవి మూడు బన్నులు అనగానే జోడీ నలభై, పదిహేను, అరవై, నూట పదిహేను అని నా నోటి నుంచి దానంతట అదే వస్తోంది. నాకు ఒళ్ళు తెలియలేదు. ఏడు బేరాలు అయ్యాయి. ఏడూ సరిపోయాయి. గున్వోర్ జేబు టింగు టింగుమంటూనే ఉంది. ఆర్విద్ మొహం చేతుల్లో దాచుకుని కంచె వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు అదురుతున్నాయి.

రాతిగోడ మీద మనుషులు బుద్ధిగా కూర్చుని ఖాళీ గ్లాసులు పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నారు. ఒకామె గ్లాసు ఎత్తి, పెదవులకి ఆనించి, దించింది.

"తేలిగ్గా ఉంది," అంది పక్కామెతో.

"అవును," అంది పక్కామె. "ఈ మధ్య అందరూ చక్కెర ఎక్కువ వేస్తున్నారు."

చివర్లో ఒక పెద్దాయన తన మేజోళ్ళ ఉండని జేబురుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంటూ, "మా ఆవిడ రేవు దగ్గరే ఉండిపోయింది, ఆమెకి పట్టుకెళ్తాను," అన్నాడు. ఇక నావల్ల కాలేదు. ఇస్త్రీ బల్ల మీదికి వాలిపోయి నవ్వాను. కళ్ళు తుడుచుకుని అందరికీ వినబడేలా చెప్పాను. ఇది ఉత్తుత్తి అని. నాకు కూడికలు రావని. బన్నులు మా ఆయన మేజోళ్ళని.

అందరూ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. అప్పుడు గాలికోటాయన గొంతు సర్దుకున్నాడు.

"మేం స్టాక్‌హోం నుంచి వచ్చిన కొత్త పద్ధతి ఏదో అనుకున్నాం."

"నేను ముందే అన్నాను నీకు," అంది ఆయన భార్య. "అది మేజోడు అని."

"అన్నావు. కానీ ముందాయన కూడా తీసుకున్నాడుగా."

ముందాయన అంటే ఆర్విద్.

గున్వోర్ అప్పుడు చేతికర్రతో నేల మీద ఒక్కసారి కొట్టింది. "నవ్వింది చాలు. డబ్బు తీసుకున్నావు. ఏం చేస్తావు?"

అడిగింది నన్ను. పాఠం ఇంకా అవలేదని అప్పుడర్థమైంది. నేలమాళిగలో కిందటేడాది బ్లూబెర్రీ పాకం ఉందని నాకు తెలుసు. ముప్పావు లీటరు సీసాలు. ఒక వంతు పాకానికి నాలుగు వంతుల నీళ్ళు. పెద్ద గ్లాసులు తొమ్మిది పోయాయి, చిన్నవి ఎనిమిది. పెద్దదానికి మూడు డెసిలీటర్లు, చిన్నదానికి రెండు. ఇరవై ఏడూ పదహారూ నలభై మూడు. అందులో అయిదో వంతు పాకం, ఎనిమిదిన్నర పైచిలుకు; సీసాలో ఉండేది ఏడున్నరే.

"ఆర్విద్, రెండు సీసాలు," అన్నాను. "ఒకటి చాలదు."

"మూడు తేనా?"

"రెండు. మూడోది పారబోయాలి."

గున్వోర్ కంచె వైపు తల తిప్పుకుంది. ఆవిడ మొహం నాకు కనబడలేదు.

బన్నులకి డబ్బు వెనక్కి ఇచ్చాం. మేజోళ్ళు తొమ్మిది ఉండలు, నూట ఎనభై. ఎవరు ఎన్ని తీసుకున్నారో నేను వరసగా గుర్తు చేసుకుని చెబుతుంటే గున్వోర్ పంపింది. గాలికోటాయన మాత్రం తన రెండు జతలూ ఉంచుకుంటానన్నాడు, చలికాలానికి పనికొస్తాయట.

"ఇరవై క్రోనాలకి చేత్తో అల్లిన ఉన్ని మేజోళ్ళా?" అంది గున్వోర్. "ఆ ధరకి ఊలు కూడా రాదు. ఇటియ్యి."

ఆ రోజు నేను గాల్లో తేలుతున్నాను. పండగనాడు బల్ల నాదే అని చెప్పమని గున్వోర్ చుట్టూ తిరిగాను.

"వీళ్ళు సెలవు మీద వచ్చినవాళ్ళు," అంది ఆవిడ. "ఖాళీ గ్లాసు ఇచ్చినా కూర్చున్నారు. పడవ వాళ్ళు అలా కాదు. గంట మోగితే వెళ్ళిపోతారు." మోకాలు సర్దుకుని, "నువ్వు తప్ప నాకెవరూ లేరనుకో," అంది. పొగడ్తో కాదో తేల్చుకోలేకపోయాను. ఆర్విద్‌ని అడిగితే, వాళ్ళమ్మ భాషలో అది పెళ్ళి ఉపన్యాసమంత పొగడ్త అన్నాడు.

పండగనాడు పొద్దున కిటికీ తీస్తే సముద్రం కనబడలేదు. సన్నటి వాన, పడమటి గాలి. గోడ మీది థర్మామీటరులో తొమ్మిది డిగ్రీలు. మిడ్‌సమ్మర్ అంటే అంతే. అయినా ఏటా అందరం ఆశ్చర్యపోతాం.

చల్లటి ఎల్డర్ పూల షర్బతు జాడీలు నాలుగు సిద్ధంగా ఉన్నాయి. మబ్బూ గాలీ రెండూ ఉంటే ఇంట్లో కూర్చోమని లెక్క. కానీ ఆ రోజు కూర్చునే వీల్లేదు. నేను వంటింట్లో కొంతసేపు చెప్పులేసుకోకుండా చల్లటి నేల మీద నిలబడ్డాను. తరవాత బ్లూబెర్రీ పాకం దించి, పెద్ద గిన్నెలో మరగబెట్టి, రెండు పెద్ద ఫ్లాస్కులు నింపాను.

గున్వోర్ బెంచీ మీద నుంచి చూస్తోంది. "పండగకి చల్లటి ఎల్డర్ పూల షర్బతే," అంది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు."

"అదీ తీసుకెళ్తాను."

"వేడిది చలికాలంలో మంచు మీద జారుతూ ఆడేవాళ్ళు తాగుతారు."

"బయటికి చూడు గున్వోర్."

ఆవిడ చూసింది. 

తోపుడు బండి తోసుకుంటూ రేవుకి వెళ్ళాను. బన్నులు ఈసారి నిజం బన్నులు, గుడ్డ కింద దాల్చినచెక్క వాసన కొడుతున్నాయి. బల్ల తుడిచాను, పలక నిలబెట్టాను. పడవ కొట్టం చూరు కింద ఫోల్కె గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, పసుపు వానకోటు. తల ఊపాడు. నేనూ ఊపాను.

పడవ వచ్చింది. ఆర్విద్ తాడు విసిరి కట్టి, మెట్లు దించి, నా వైపు చూశాడు. వానకి కనురెప్పలు తడిసి ముద్దయ్యాయి. అంత అందంగా ఎప్పుడూ లేడు. కానీ ఆయన వెనక నుంచి ఒక్కరూ దిగలేదు. నలభై మంది అద్దాల వెనక, ఆవిరి పట్టిన గీతల్లోంచి నన్ను చూస్తున్నారు. నేను వాళ్ళని చూస్తున్నాను. చూడటానికి డబ్బులు రావు.

రెండు నిమిషాలు గడిచాయి. ఆర్విద్ కొనడానికి లేదు, ఇంటివాడు. ఫోల్కె కొట్టం కింద కదలకుండా నిలబడి ఉన్నాడు. ఇంకో తొమ్మిది నిమిషాలు అలాగే నిలబడితే చాలు, పందొమ్మిదేళ్ళ నిరీక్షణ ఫలిస్తుంది.

అప్పుడు నేను పలక తీసుకుని చేతి మణికట్టుతో ధరలు తుడిచేశాను. వేడిదానికి గ్యాసు కలపాలి. పొద్దున లేచిన గంట కలపాలి. చిన్నది ఇరవై అని రాశాను. పెద్దది ముప్ఫై. బన్ను ఇరవై, అది అలాగే. జోడీ యాభై. అన్నీ గుండ్రం, అన్నీ సున్నాలు, ఒక్క అంకె కూడా పారిపోవడానికి సందు లేదు. నేను తుడిచేసినవి ముప్ఫై ఒక్క ఏళ్ళ ధరలు. ఆ పూట అవి పోయాయని నాకు తరవాతెప్పుడో తట్టింది. అప్పుడు మాత్రం చేతులు గడ్డకట్టుకుపోతున్నాయని తప్ప ఇంకేమీ తోచలేదు. పైన పెద్ద అక్షరాలతో వేడి అని రాసి, ఫ్లాస్కు మూత తీశాను. ఊదారంగు ఆవిరి వానలోకి లేచింది.

ఫోల్కె గొడుగు మూశాడు. చూరు కింద నుంచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"ధర పెరిగిందే," అన్నాడు.

"వేడికి."

"పెద్దదొకటి. బన్నొకటి."

"యాభై," అన్నాను. చెప్పాక నా చెయ్యి ఫ్లాస్కు మీద ఆగింది. "ఫోల్కె, నువ్వు కొంటే జాగా—"

"తెలుసు."

"పందొమ్మిదేళ్ళు ఎదురుచూశావు."

ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆవిరిలో మొహం పెట్టాడు. "అదేనమ్మా. తరవాతి పేరు నాది అని చెప్పుకుంటే బాగుంటుంది. అందరూ మర్యాదగా చూస్తారు. నిజంగా జాగా వచ్చిందనుకో, ఇలాంటి వానలో నేను నిలబడాలి." ఫోన్‌లో యాభై కొట్టాడు. కానీ వెళ్ళలేదు. అక్కడే, బల్ల ముందు నిలబడి, నింపాదిగా తాగడం మొదలుపెట్టాడు. ఒక్కో గుక్కా చప్పరించి.

పడవ కిటికీల్లో తలలు కదిలాయి. వానలో ఒక మనిషి బల్ల ముందు నిలబడి ఉన్నాడంటే ఏదో ఉండే ఉంటుంది. ఒకామె తలకి శాలువా కప్పుకుని మెట్లు దిగి ఫోల్కె వెనక నిలబడింది. ఆమె వెనక ఇద్దరు. ఆ ఇద్దరి వెనక ఒక కుటుంబం మొత్తం, కుక్కతో సహా. ఫోల్కె అప్పుడు పక్కకి జరిగాడు.

ఆ తరవాత నాకు గుర్తున్నవన్నీ ముక్కలే. జోడీ యాభై, రెండు జోడీలు వంద, బన్నులు మూడు అరవై, నూట అరవై. వేళ్ళకి పాకం. మనుషుల నోట్లోంచి పొగ. ఒక చిన్నపిల్ల నాలుక బయటపెట్టి ఊదారంగు వచ్చిందో లేదో అమ్మకి చూపించుకోవడం. మెట్ల దగ్గర ఆర్విద్, నేను మొత్తం చెప్పినప్పుడల్లా పెదవులు కదిలిస్తూ సరిచూసుకోవడం. ఆయన ఒకచోట తప్పు అన్నట్టు తలూపాడు. తప్పింది ఆయనే.

వరస చివరికి వచ్చేసరికి ఎదురుగా గున్వోర్ నిలబడి ఉంది. ఇంటి నుంచి రేవు దాకా చేతికర్రల మీద వానలో దిగి వచ్చింది. ముందుకి వెళ్ళమని అందరూ జరిగారట, ఆవిడ ఒప్పుకోలేదట. పలక వైపు చూసింది. చాలాసేపు చూసింది. జుట్టు చివర నుంచి నీటిచుక్కలు జారుతున్నాయి.

"పెద్దదొకటి," అంది.

"ముప్ఫై."

ఆవిడ కర్రలు బల్లకి ఆనించి, జేబులోంచి ఫోన్ తీసి, పలక మీది నంబరు చూస్తూ కొట్టింది. మళ్ళీ కొట్టింది. కళ్ళు చికిలించింది. తన నంబరుకి తనే డబ్బు పంపుకోవడం కుదరదని ఫోన్ చెబుతోంది.

"ఊరికే తాగు గున్వోర్," అన్నాను.

"నోరు ముయ్యి," అంది ఆవిడ. వానకోటు చేతి చివరతో పలక కింద ఉన్న తన నంబరు తుడిచేసింది. సుద్దముక్క తీసుకుంది. "నీ నంబరు చెప్పు."

పడవ గంట మోగింది. నాకు నా నంబరు గుర్తు రాలేదు. అంత సేపు వరసగా నిలబడ్డ అంకెలన్నీ ఒక్కసారిగా కోళ్ళయిపోయాయి. నాకు నేను ఎప్పుడైనా ఫోన్ చేసుకున్నానా ఏమిటి. ఫోన్ బండి అడుగున, తడి గుడ్డల కింద ఎక్కడో ఉంది.

"ఆర్విద్," అని అరిచాను. "నా నంబరు."

ఆయన అప్పటికే తాడు విప్పేశాడు. పడవ వెనక్కి జరుగుతోంది. రెయిలింగుకి ఆనుకుని ముందుకి వంగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి, నీళ్ళ మీదుగా ఒక్కొక్క అంకే అరిచాడు. సున్నా. ఏడు. మూడు. గున్వోర్ పలక మీద ఒక్కొక్కటే రాసింది. దూరం పెరిగే కొద్దీ ఆయన గొంతు సన్నబడింది, చివరి రెండు అంకెలూ గాలికి కొట్టుకుపోతే, డెక్ మీద గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు అందుకుని అరిచారు. అంతమంది నోట నా నంబరు.

గున్వోర్ పలక తిప్పి నాకు చూపించి, సరిగా ఉందా అన్నట్టు తల ఎగరేసింది. తరవాత ఫోన్ తీసి, నిదానంగా కొట్టి, పంపింది.

బండి అడుగున తడి గుడ్డల కింద టింగుమంది. తవ్వి తీశాను. ముప్ఫై క్రోనాలు. కింద ఒక ముక్క రాసింది: ధర ఎక్కువ.

అప్పటికే ఆవిడ సగం తాగేసింది. గ్లాసు బల్ల మీద పెట్టి, నా పక్కకి వచ్చి, బల్ల ఇవతలి వైపు నిలబడి, "తరవాతి పడవ ఎప్పుడు?" అంది, తనకి తెలియనట్టు.